తమ్ముడికి డిప్రెషన్, మ్యాజిక్ మష్రూమ్ చాక్లెట్ తెప్పించుకుంటా అంటున్నాడు, తెలిసినవాళ్లు చెప్పండి

మియాపూర్_అక్క:

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాయడం ఇదే మొదటిసారి, కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మా తమ్ముడికి 29 ఏళ్లు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో డెవలపర్, ఇంకా పెళ్లి కాలేదు, అమ్మ, వాడు, నేను, మా ఆయన అందరం ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. నాలుగేళ్ల నుంచి వాడికి డిప్రెషన్. మొదట ఎస్సిటాలోప్రామ్ ఇచ్చారు, ఏడాది వాడాడు, నిద్ర కాస్త సర్దుకుంది తప్ప మనిషిలో కదలిక రాలేదు. తర్వాత వెన్లాఫాక్సిన్‌కి మార్చారు, దాంతో ఆఫీసుకి వెళ్లి రావడం వరకు చేస్తున్నాడు అంతే. ఆదివారం అమ్మ నాటుకోడి వండితే ముద్ద నోట్లో పెట్టుకుని అలా కూర్చుండిపోతాడు, ఏంట్రా అంటే రుచి తెలీట్లేదక్కా అంటాడు, అది విన్నప్పుడల్లా అమ్మ లేచి కిచెన్‌లోకి వెళ్లిపోతుంది.

రెండు నెలల నుంచి రాత్రంతా పాడ్‌కాస్ట్‌లే. మ్యాజిక్ మష్రూమ్స్, సైలోసైబిన్, ఒక్క సెషన్‌తో డిప్రెషన్ పోతుంది, అమెరికాలో పెద్ద పెద్ద యూనివర్సిటీలే చెప్తున్నాయి అని నాకు లింకులు పంపిస్తున్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. మొన్న ఒక చాక్లెట్ ఫొటో చూపించాడు, రేపర్ మీద ఎర్ర టోపీ, తెల్ల చుక్కల పుట్టగొడుగు బొమ్మ. ఎవరో ఫ్రెండ్‌కి తెలిసినవాళ్లు తెప్పిస్తారట, ఒక్కసారి ట్రై చేస్తా, నువ్వు పక్కన కూర్చో చాలు అంటాడు.

ఇంకో సంగతి, నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. వాడి టేబుల్ సొరుగులో టాబ్లెట్ స్ట్రిప్ చూశాను, ఈపాటికి అయిపోయి ఉండాలి, ఇంకా ఆరు మిగిలి ఉన్నాయి. అడిగితే ఆ టాబ్లెట్లు వాడుతుంటే మష్రూమ్ పనిచేయదట, అందుకే రోజు మార్చి రోజు వేసుకుంటున్నా అన్నాడు, చాలా మామూలుగా చెప్పాడు. వారం నుంచి తల తిరుగుతోంది, బుర్రలో కరెంటు కొట్టినట్టు జిల్లుమంటోంది అని కూడా అన్నాడు.

నిజంగా ఇవి పనిచేస్తాయా లేక అంతా హైపేనా? పోలీసు గొడవ ఎంతవరకు ఉంటుంది? వాడితో ఏమని మాట్లాడాలి? వద్దని అరిస్తే నాకు చెప్పకుండా తింటాడు, అది మాత్రం నాకు తెలుసు.


జీనోమ్_వ్యాలీ_గుమస్తా:

అక్కా, నేను డాక్టర్‌ని కాదు, క్లినికల్ ట్రయల్స్ డేటా చూసుకునే ఉద్యోగం, కాబట్టి మీ మొదటి ప్రశ్న వరకు చెప్పగలను. హైప్ ఉంది, కానీ కింద అసలు సరుకు లేకుండా మాత్రం లేదు. పాడ్‌కాస్ట్ వాళ్లు చెప్పనిది ఆ మధ్యలో ఉంది.

ముందు మందు ఏంటో చెప్తా. పుట్టగొడుగులో ఉండేది సైలోసైబిన్, కడుపులోకి వెళ్లాక అది సైలోసిన్‌గా మారుతుంది, ఇది చూడ్డానికి మన మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి దగ్గరి చుట్టంలా ఉంటుంది, అందుకని 5-హెచ్‌టీ2ఎ అనే రిసెప్టార్‌ని, అంటే మెదడు కణాల మీద ఆ రసాయనం కూర్చునే చోటుని పట్టుకుంటుంది. అరగంట అటూ ఇటూగా మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. రంగులు, ఆకారాలు కదలడం, టైమ్ సాగిపోవడం, నేను అనేది కరిగిపోయినట్టు అనిపించడం, కొందరికి మహా ఆనందం, కొందరికి మహా భయం, చాలామందికి రెండూ ఒకే మధ్యాహ్నంలో. డిప్రెషన్‌లో మనిషి ఆలోచన రోజూ అదే రూట్‌లో తిరిగే సిటీ బస్సులా ఉంటుందనుకోండి, ఆ కొద్ది గంటలు రూట్ బోర్డు తీసేస్తుంది అని చెప్తారు. అర్థం కావడానికి పోలిక మాత్రమే, ఇదే కారణం అని ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు లెక్కలు. 2016లో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు క్యాన్సర్‌తో దిగులుపడిపోయిన 51 మందికి ఇచ్చారు, ఆరు నెలల తర్వాత కూడా దాదాపు 80 శాతం మందిలో ఆ మేలు నిలిచింది. మీ తమ్ముడు విన్నది బహుశా ఇదే. కానీ అది క్యాన్సర్ వచ్చి చావు ఎదురుగా కనిపిస్తున్నవాళ్ల దిగులు, మీ వాడిది వేరే.

మందులకి లొంగని డిప్రెషన్ మీద పెద్ద ట్రయల్ 2022లో వచ్చింది. 233 మంది. కొందరికి 25 మిల్లీగ్రాములు, కొందరికి 10, కొందరికి 1, ఆ ఒక్కటీ పేరుకే. మూడు వారాలకి 25 తీసుకున్నవాళ్లలో 37 శాతం మందికి జబ్బు తీవ్రత సగానికి సగం తగ్గింది, 1 తీసుకున్నవాళ్లలో 18 శాతానికి. అంటే తేడా ఉంది, నిజం. మరి పన్నెండు వారాలు నిలిచింది ఎంతమందికి అంటే ఐదుగురిలో ఒకరికి. ఒక్క సెషన్‌తో పోతుంది అనేవాడిని ఈ నంబర్ అడగండి. ఇంకో మాట, ఆ ట్రయల్‌లో అన్ని గ్రూపుల్లోనూ కొందరికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి, అది కూడా రిపోర్టులో రాసే ఉంది, పాడ్‌కాస్ట్‌లో రాదు. ఆ ట్రయల్ నడిపిన కంపెనీయే తర్వాతి పెద్ద ట్రయల్ ఫలితం 2025 జూన్‌లో బయటపెట్టింది, 258 మంది, ఒక డోసు, ఆరు వారాలకి డమ్మీ మందు కంటే 3.6 పాయింట్లు ఎక్కువ తగ్గింది, ఆ స్కేలు 60 పాయింట్లది. గెలిచింది, కానీ సిక్సర్ కాదు, సింగిల్ తీసినట్టు.

2021లో లండన్ ఇంపీరియల్ కాలేజ్ వాళ్లు మీ తమ్ముడు మొదట వాడిన ఎస్సిటాలోప్రామ్‌తోనే నేరుగా పోటీ పెట్టారు, 59 మంది, ఆరు వారాలు. ముందే పెట్టుకున్న ముఖ్యమైన కొలతలో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మిగతా కొలతల్లో సైలోసైబిన్ వైపు మొగ్గు కనబడింది, అది వేరే చర్చ. మద్యం తాగే అలవాటు మీద అయితే 2022లో 93 మందితో చేసినది నాకు బాగా నచ్చింది, బాగా ఎక్కువ తాగిన రోజులు సైలోసైబిన్ వాళ్లకి వందకి 10 కంటే కాస్త తక్కువ, డమ్మీ వాళ్లకి 24 దగ్గర.

వీటన్నిటికీ ఒక పెద్ద గొయ్యి ఉంది. ట్రయల్‌లో ఎవరికి మందు, ఎవరికి డమ్మీ అన్నది పేషెంట్‌కి తెలియకూడదు. గోడ ఊపిరి పీలుస్తున్నట్టు కనిపిస్తే నాది డమ్మీ అని ఎవడు అనుకుంటాడు? అసలు వచ్చింది అని ఆనందపడేవాడూ, నాకు రాలేదే అని దిగాలుపడేవాడూ, రెండూ నంబర్లని లాగేస్తాయి. ఇది మా ఆఫీసులో క్యాంటీన్ చాయ్ దగ్గర రోజూ అయ్యే గొడవ.

ఆఖరిది, అసలైనది. ఆ ట్రయల్‌లో 25 మిల్లీగ్రాములు అంటే ల్యాబ్‌లో తయారుచేసి తూచిన క్యాప్సూల్. ముందు కొన్ని సిట్టింగులు మాట్లాడతారు, ఆ రోజు సోఫా, కళ్లకి గంతలు, హెడ్‌ఫోన్స్‌లో పాటలు, శిక్షణ ఉన్న మనిషి ఆరేడు గంటలు పక్కనే, తర్వాత మళ్లీ మాట్లాడతారు. వచ్చినవాళ్లలో చాలామందిని ముందే వడపోస్తారు. మందు ఎంత, ఆ మనుషులు ఎంత అన్నది ఇంకా ఎవరూ విడదీసి చెప్పలేకపోతున్నారు. మీ వాడు కొనబోయేది ఇందులో ఏదీ కాదు.


సిద్దిపేట_పోరడు:

అక్కా నేను సైన్స్ చెప్పలేను గానీ తిన్నోణ్ని, అందుకే జెప్తున్న.

మా నాయనమ్మ వాన పడ్డ తెల్లారి పుట్టల కాడికి పోయి పుట్టకొక్కులు తెచ్చేది, కూర జేస్తే ముక్క కూర ఎందుకూ పనికిరాదు. గానీ పెంట మీద మొలిచినయి జూసి చెయ్యి పెట్టబోతే చేతి మీద ఒక్కటి సరిచేది, కుక్కగొడుగులు రా అవి, పిచ్చి లేస్తది అనేది. గట్ల పెరిగినోణ్ని, కాలేజ్ అయినంక 2016ల కొడైకెనాల్ పోయి పెంట మీద మొలిచినయే పైసలిచ్చి కొనుక్కొని తిన్న, గది నాయనమ్మకు తెలిస్తే ఏమనేదో.

నలుగురం పోయినం. ఒకడు నవ్వుడే నవ్వుడు, చెట్టుకు దండం పెట్టిండు, ఇప్పటికీ గదే నా లైఫ్‌ల మంచి రోజు అంటడు, అబద్ధం జెప్ప. ఇంకొకడు సచ్చిపోయిన వాళ్ల నాయనతోని మాట్లాడినట్టు ఏడ్సిండు, తర్వాత మనసు తేలికైందన్నడు. మూడోడికి ఏం కాలే, పైసలు దండగ అని తిట్టుకున్నడు. నేను నాలుగోణ్ని. నా చెయ్యి నాది కాదనిపించింది. చెయ్యి జూస్తున్న, అది ఎవరిదో. లాడ్జ్ బాత్‌రూమ్‌ల టైల్స్ మీద కూసోని నల్లా తిప్పుకుంట కూసున్న, నీళ్ల చప్పుడు ఆగితే నేను సచ్చిపోత అని గట్టిగ అనిపించింది. ఐదు గంటలు. వాళ్లు తలుపు కొడితే పోలీసులు అనుకొని తియ్యలే.

గది అయిపోయింది, తెల్లారి మంచిగనే ఉన్న. గానీ హైదరాబాద్ వచ్చినంక రెండు నెలలు రాత్రి కాంగనే గుండె దడ, పంజాగుట్ట సిగ్నల్ కాడ బండి మీద ఉన్నప్పుడు ఒకసారి చెయ్యి మళ్లా నాది కాదనిపించి బండి పక్కకు ఆపేసిన. అప్పటికి నాకు ఏ జబ్బు లేదు, ఏ మందులు లేవు. మీ తమ్మునికి ఉన్నయి. నలుగురిల నాలుగో నంబర్ ఎవరికి పడ్తదో ముంగట తెల్వది అక్కా.


మణికొండ_మిత్రుడు:

పై కామెంట్‌కి గౌరవంతోనే చెప్తున్నా, ఒక్కరి బ్యాడ్ ట్రిప్ చూసి మొత్తం మందునే తిట్టొద్దు. మెక్సికోలో మజటెక్ అనే తెగ వాళ్లు ఎన్నో తరాలుగా వాడుతున్నారు, వైద్యంగానే, పార్టీకి కాదు. 1955లో వాసన్ అనే అమెరికా బ్యాంకర్ హువావుట్లా అనే కొండ ఊరికి వెళ్లి మరియా సబీనా అనే ఆవిడ దగ్గర రాత్రి పూజలో కూర్చున్నాడు, 1957లో లైఫ్ పత్రికలో రాశాడు, 1958లో స్విట్జర్లాండ్‌లో హాఫ్‌మన్ ఆ పుట్టగొడుగుల్లోంచి సైలోసైబిన్ వేరుచేశాడు. దీనికి సారాలా, సిగరెట్‌లా శరీరం అలవాటు పడదు. 1971లో ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన లిస్టులో పడేశారు, అంతే, ముప్పై ఏళ్లు రీసెర్చ్ దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి పర్మిషన్ ఉన్న సైకియాట్రిస్టులు మందులకి లొంగని డిప్రెషన్‌కి రాయొచ్చు. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో 2020లో జనమే ఓటేసి తెచ్చుకున్నారు. మనకి మాత్రం ఇంకా భయం. అన్నీ నేచురల్‌గా భూమిలోంచి వచ్చేవే కదా.


జీనోమ్_వ్యాలీ_గుమస్తా:

ఉమ్మెత్త కాయ కూడా భూమిలోంచే వస్తుంది బ్రో.

మరియా సబీనా కథ సగంలో ఆపేశారు. ఆ వ్యాసం తర్వాత ఆ ఊరికి విదేశీయులు గుంపులుగా వచ్చి పడ్డారు, పోలీసులు వచ్చారు, ఊరివాళ్లే ఆవిడని తప్పుపట్టారు, ఆవిడ ఇల్లు తగలబడింది. ఆవిడ దగ్గరకి జబ్బుపడ్డవాళ్లు వచ్చేవారు, దేవుణ్ని వెతుక్కునేవాళ్లు కాదు. ఆస్ట్రేలియాలో కూడా డాక్టర్ చేతికి ఇచ్చారు కానీ చాక్లెట్ షాపుకి ఇవ్వలేదు, ఒరెగాన్‌లో కూడా లైసెన్స్ ఉన్న సెంటర్‌లో మనిషి ఎదురుగా ఉండగానే తీసుకోవాలి, ఇంటికి పట్టుకెళ్లనివ్వరు.

అక్కా ఆ రేపర్ మీద ఎర్ర టోపీ, తెల్ల చుక్కలు అన్నారు కదా, రాత్రి అదే గుర్తొచ్చి లేచి మళ్లీ రాస్తున్నా. ఆ బొమ్మలో ఉన్నది అమనిటా మస్కారియా, అందులో సైలోసైబిన్ అసలు ఉండదు, ఉండేది మస్సిమోల్, దాని దారే వేరు, మగత, తిక్క, వాంతులు. బొమ్మ బొమ్మే కావొచ్చు, లోపల ఏదైనా ఉండొచ్చు, గొడవ అదే. 2024లో అమెరికాలో ఒక బ్రాండ్ మష్రూమ్ చాక్లెట్లు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, ల్యాబ్‌లో చూస్తే లేబుల్ మీద లేనివన్నీ బయటపడ్డాయి, నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్‌తో సహా. అంత చెకింగ్ ఉన్న దేశంలోనే అలా ఉంటే మన ఫ్రెండ్‌కి తెలిసినవాళ్ల చాక్లెట్ సంగతి చెప్పక్కర్లేదు.


డాక్టరమ్మ_తార్నాక:

నేను సైకియాట్రీలో పని చేస్తున్నాను. చూడకుండా వైద్యం చెప్పను, కానీ మీ పోస్టులో నాకు చాక్లెట్ కంటే ముందు కనిపించింది ఆ ఆరు టాబ్లెట్లు.

వెన్లాఫాక్సిన్ శరీరంలోంచి త్వరగా వెళ్లిపోయే మందు. రోజు మార్చి రోజు వేసుకుంటే ఒకరోజు ఉన్నట్టు, ఒకరోజు లేనట్టు ఊగుతుంది. తల తిరగడం, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, చిరాకు, పీడకలలు అన్నీ దాని గుర్తులే. మీ వాడికి అవి చూసి నా డిప్రెషన్ ఎక్కువైంది, ఇక మష్రూమే దిక్కు అనిపించే ప్రమాదం ఉంది. మళ్లీ రోజూ ఎప్పటినుంచి, ఎంత వేసుకోవాలో ఈరోజే రాసిచ్చిన డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి, అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. వాడు చదివింది పూర్తిగా తప్పు కాదు, ఈ రకం మందులు వాడుతుంటే సైలోసైబిన్ ప్రభావం తగ్గుతుందన్నది నిజమే. ట్రయల్స్‌లో కూడా మాన్పిస్తారు, కానీ డాక్టర్ చూస్తుండగా, నెమ్మదిగా. సగం నిజం చదివి సొంతంగా మానడమే నా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం.

రెండోది, కచ్చితంగా అడగండి. నేరుగా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పుట్టదు, నన్ను నమ్మండి. ఉందంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే హాస్పిటల్‌కి. రాత్రిపూట ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలీమానస్ 14416, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మూడోది, మీ ఇంట్లో ఎవరికైనా, అమ్మ వైపు నాన్న వైపు, మానసిక జబ్బు ఉండేదా? డిప్రెషన్ ఒక్కటే కాదు. కొన్ని రోజులు నిద్ర లేకుండా, అలసట లేకుండా, గొప్పలు మాట్లాడుతూ, అప్పులు చేసి ఏవో కొనేసి, తర్వాత మంచం పట్టడం లాంటిది. ఎందుకు అడుగుతున్నానంటే చిన్న వయసులో మొదలై రెండు మందులకి సరిగ్గా లొంగని డిప్రెషన్ కొందరిలో బైపోలార్, అంటే ఇప్పుడు చెప్పినట్టు మనసు పైకీ కిందకీ ఊగే జబ్బు, దాని తాలూకు ఒక వైపు అయి ఉంటుంది. ఆ ట్రయల్స్‌లో తమకి గానీ, దగ్గరి రక్తసంబంధీకులకి గానీ బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉంటే సాధారణంగా తీసుకోరు, ఉన్మాదం తిరగబెడుతుందేమో అని. ఇంకా బీపీ, గుండె వేగం పెరుగుతాయి, వెన్లాఫాక్సిన్ కూడా బీపీ పెంచే మందే. బైపోలార్‌కి ఇచ్చే లిథియం వాడుతున్నవాళ్లు ఈ మష్రూమ్స్ తిని ఫిట్స్ వచ్చిన సంఘటనలు ఉన్నాయి. ఏ చాక్లెట్ అమ్మేవాడూ ఇవి అడగడు.

నాలుగోది, ఎవరైనా కోసుకొచ్చి ఇది అదే అని చెప్తే అసలు నమ్మొద్దు. అడవిలో చిన్న గోధుమరంగు పుట్టగొడుగులు కొన్నిటిలో అమాటాక్సిన్ ఉంటుంది. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటలకి వాంతులు, విరేచనాలు, తర్వాత ఒకరోజు తగ్గినట్టు అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేలోపు లివర్ పోతుంది.

ఇంకా మిగిలిన దారులు చాలా ఉన్నాయి, ఇది చెప్పడం ముఖ్యం. డోసు సరిపడా ఇచ్చారా, ఎన్ని వారాలు, థైరాయిడ్ చూశారా, పాత మందుకి ఇంకోటి జత చేయొచ్చా, సరైన సైకోథెరపీ ఎప్పుడైనా చేశారా. తర్వాత మెదడుకి అయస్కాంతంతో చేసే ఆర్‌టీఎంఎస్, కెటమిన్, షాక్ ట్రీట్‌మెంట్ అని అందరూ భయపడే ఈసీటీ. సినిమాల్లో చూపించినట్టు ఉండదు అది, మత్తు ఇచ్చి చేస్తారు, మందులకి లొంగని డిప్రెషన్‌లో ఇప్పటికీ బాగా పనిచేసేవాటిలో అదొకటి. సైలోసైబిన్ మీద నాకు వ్యతిరేకత లేదు, రేపు పద్ధతిగా వస్తే నేనే ముందు ట్రైనింగ్‌కి వెళ్తా.


కోర్టు_చాయ్:

లీగల్ సంగతి నేను చెప్తా, నాంపల్లి కోర్టులో ప్రాక్టీస్. 1985 నాటి ఎన్‌డీపీఎస్, అంటే మాదకద్రవ్యాల చట్టం షెడ్యూల్‌లో సైలోసైబిన్, సైలోసిన్ రెండూ సైకోట్రోపిక్, అంటే మనసు మీద పనిచేసే పదార్థాలుగా ఉన్నాయి. సెక్షన్ 22 కొనడం, అమ్మడం, దగ్గర పెట్టుకోవడం, సెక్షన్ 27 తినడం. చాక్లెట్‌లో కలిపినా అంతే.

ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఒకటుంది, కేరళ హైకోర్టు లీగల్ చేసేసిందని. చేయలేదు. 2025 జనవరిలో ఒక బెయిల్ కేసులో పుట్టగొడుగు అనేది ఫంగస్, అదే షెడ్యూల్‌లో లేదు, మిక్స్చర్‌గా చూడలేం అని అంది. అది బెయిల్ దశలో మాట, బరువు ఎలా లెక్కకట్టాలన్న తగువు. ఆ ఆర్డర్ కాపీ జేబులో పెట్టుకుంటే మన దగ్గర డ్రగ్స్ కేసులు చూసే పోలీసులు, ఈగల్ టీమ్ వాళ్లు సారీ సార్ అని వదిలేస్తారా? ఇంకోటి, తమ్ముడి కోసం అక్క ఫోన్‌పే చేసినా అక్క కూడా అందులో ఉంటుంది, కాబట్టి పక్కన కూర్చో చాలు అనడంలో ఎంత ఉందో చూసుకోండి. ఉద్యోగం, పాస్‌పోర్టు, అమెరికా వీసా, ఇవన్నీ ఎఫ్‌ఐఆర్ ఒక్కదానితో చిక్కుల్లో పడొచ్చు, కేసు నిలబడకపోయినా సరే.


కొండాపూర్_కెటమిన్:

డాక్టరమ్మ కెటమిన్ అన్నారు కాబట్టి నా అనుభవం. నాకు మూడు మందులు అయ్యాక డాక్టరే రాశారు, మన దేశంలో మత్తుమందుగా ఉన్నదే కాబట్టి హాస్పిటల్‌లోనే ఇస్తారు. మూడు వారాల్లో ఆరు సార్లు, సెలైన్ లాగా నలభై నిమిషాలు, బీపీ పట్టీ, వేలికి క్లిప్, నర్స్ పక్కనే. మంచం గదిలోంచి మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టు ఉంటుంది, భయంకరం కాదు, కానీ ఇంటికి ఎవరో ఒకరు తీసుకెళ్లాల్సిందే, ఆ రోజు బండి నడపనివ్వరు.

రెండో సెషన్ తర్వాత పొద్దున లేచి పళ్లు తోముకున్నాను. ఎవరూ చెప్పకుండా. ఆ మాటకి ఎంత విలువుందో ఇక్కడ డిప్రెషన్ ఉన్నవాళ్లకే అర్థమవుతుంది. మాయ ఏమీ జరగలేదు, నెలన్నరకి మెల్లగా మళ్లీ దిగింది, ఇప్పుడు మధ్య మధ్యలో ఒకటి తీసుకుంటూ మందు, థెరపీ నడుస్తున్నాయి. మీ తమ్ముడికి ఇది సెట్ అవుతుందో లేదో నాకు తెలీదు, కానీ ఒక్క సెషన్ అనే ఆశ ఉంది చూడండి, నాకూ ఉండేది, అది తీరకపోతే వచ్చే దెబ్బ అసలు జబ్బు కంటే గట్టిగా తగిలింది. ఆ ఆశ గురించి వాడితో మాట్లాడండి, చాక్లెట్ గురించి తర్వాత.


మియాపూర్_అక్క:

అందరికీ పేరు పేరునా థాంక్స్, నాలుగు రోజులు రాయలేకపోయాను.

డాక్టర్‌కి ఆ రోజే ఫోన్ చేశాం. మళ్లీ రోజూ వేసుకోమన్నారు, ఎంతో కూడా చెప్పారు. రెండు రోజులకే ఆ జిల్లుమనడం తగ్గింది, వాడే ఆశ్చర్యపోయాడు, అది నా జబ్బు అనుకున్నాను అక్కా అన్నాడు.

రాత్రి బాల్కనీలో బట్టలు మడతపెడుతూ అడిగాను, డాక్టరమ్మ చెప్పినట్టే, చచ్చిపోవాలనిపిస్తోందా అని. నోరు తిరగలేదు మొదట. వాడు చాలాసేపు మెట్రో వెళ్తున్న వైపు చూసి, చావాలని కాదు, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అది కూడా రోజూ కాదు అన్నాడు. తర్వాత ఏడ్చాడు. నాలుగేళ్లలో వాడు ఏడవడం నేను చూడలేదు. ఆ మాట మర్నాడే డాక్టర్‌కి చెప్పాను, అపాయింట్‌మెంట్ ముందుకి జరిపారు.

సిద్దిపేట తమ్ముడూ, నీ పోస్టు వాడికి చూపించా, నల్లా దగ్గర నవ్వాడు, చెయ్యి దగ్గర ఆగిపోయి మళ్లీ చదివాడు. మిగతా లెక్కలన్నీ వాడికి తెలుసట, పన్నెండు వారాల నంబర్ మాత్రం తెలీదట.

ఇప్పుడు అసలు సంగతి. ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగారు కదా, నాకు ఎవరూ గుర్తురాలేదు, అమ్మని అడిగాను. అమ్మ లేదు లేదు అంది. గంట తర్వాత తనే వచ్చి, మీ పెద్దనాన్నకి గాలి సోకింది కదా ఒకసారి, అది లెక్కలోకి వస్తుందా అంది. మేం పుట్టకముందు ఆయన పది రోజులు నిద్రపోకుండా తిరిగి, రెండెకరాలు తాకట్టు పెట్టి ట్రాక్టర్ కొన్నాడట, ఊరందరికీ బోర్లు వేయిస్తానని మాటిచ్చాడట. తర్వాత ఆరు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. ఆయన్ని మేం చూసేటప్పటికి నెమ్మదిగా ఉండే మనిషి, పండక్కి వచ్చి పది రూపాయలు ఇచ్చేవాడు, అంతే తెలుసు మాకు. డాక్టరమ్మా, ఇది చెప్పాల్సిందేనా?


డాక్టరమ్మ_తార్నాక:

చెప్పాల్సిందే అమ్మా, అన్నిటికంటే ముందు ఇదే చెప్పండి. దీన్నిబట్టి వాడికి బైపోలార్ అని నేను అనను, అలా తేల్చకూడదు. కానీ చూసే డాక్టర్ మందు ఎంచుకునే పద్ధతే మారొచ్చు. వాడికి కూడా ఎప్పుడైనా, నాలుగైదు రోజులైనా సరే, నిద్ర తక్కువైనా హుషారుగా, మాట ఎక్కువగా, ఖర్చు ఎక్కువగా ఉన్న రోజులు ఉన్నాయేమో గుర్తు చేసుకుని రాసిపెట్టుకుని వెళ్లండి, తేదీలతో. పెద్దనాన్నగారి సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి. మష్రూమ్ సంగతి కూడా దాచకండి, డాక్టర్లు మామూలుగా పోలీసులకి ఫోన్ చేయరు.


మియాపూర్_అక్క:

గురువారం సాయంత్రానికి ఇచ్చారు. అమ్మ కూడా వస్తానంది, కానీ మీ పెద్దమ్మకి తెలియనివ్వకు, బయటివాళ్ల ముందు ఆయన పేరు తీశామని బాధపడుతుంది అంటోంది.

రెండేళ్ల కిందట వాడు ఒక వారంలో మూడు కోర్సులు, ఒక కెమెరా, గోవాకి టికెట్లు కొన్నాడు, అప్పుడు మేమంతా హమ్మయ్య బాగుపడ్డాడు అనుకుని స్వీట్లు పంచుకున్నాం. అది రాసుకున్నా. కెమెరా బిల్లు మీద తేదీ ఉంది.

చాక్లెట్ వద్దని ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టానన్నాడు. చూపించమని అడగలేదు.